పొయ్యి వెలిగించని దుకాణం

తప్పు నాది. కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళని ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు కాబట్టి, వాళ్ళకంటే ముందు నేనే చెప్పేస్తున్నాను. సన్యాసమ్మ వదిన దుకాణానికి ఆ తేదీ పెట్టింది నేనే. బెంగాలీ గడగడా మాట్లాడతానని, ఈ ఊరి సంగతులు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని అప్పట్లో నాకు మహా గీర. ఆ గీర ఒక్క పూటలో ఎలా దిగిందో, దిగాక ఏం జరిగిందో చెబుతాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒక్క చోట కూర్చోబుద్ధి కాదు.

వదిన అంటే చుట్టరికం కాదు, పక్క క్వార్టరు. ఆవిడ భర్త కోదండం అన్నయ్య వర్క్‌షాపులో పెయింటరు. రైలు పెట్టెల మీద నంబర్లూ అక్షరాలూ రాయడం ఆయన పని. మనిషి మెత్తన. ఇంకా చెప్పాలంటే పిరికి. వదిన టెక్కలి దగ్గరి పల్లె నుంచి పదహారో ఏట పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. చదువు లేదు. బెంగాలీ అర్థమవుతుంది గానీ నోరు విప్పదు, ఎవరైనా నవ్వుతారని భయం. బజారుకెళ్ళినా నా వెనకాల నిలబడి నా చేత అడిగించేది. కానీ పొయ్యి ముందు కూర్చుందంటే మాత్రం ఆవిడ మాటకి ఎదురు లేదు.

ఇరవై ఏళ్ళపాటు మా క్వార్టర్లలో ఏ ఇంట్లో శుభకార్యమైనా ఆవిడే వండింది. "సన్యాసమ్మా, కాస్త చెయ్యి వెయ్యవే" అని పిలిచేవాళ్ళు. కాస్త చెయ్యేమిటి, మొత్తం వంటంతా ఆవిడ చేతి మీదే నడిచేది. రెండొందల మందికి పులిహోర కలిపి, గారెలు వేసి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిని ఇంటికొచ్చేది. తిన్నవాళ్ళు ఇంటి యజమానిని మెచ్చుకునేవాళ్ళు. ఒక్కడూ వంటింట్లోకి తొంగిచూసి ఎవరు చేశారమ్మా అని అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం "పోనీలేయే, తిన్నారు గదా" అనేది.

తొంభై అయిదులో, వేసవిలో అనుకుంటాను, ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి తండ్రి మిఠాయిల కోసమని కలకత్తా నుంచి ఒక వంటవాణ్ణి పిలిపించాడు. వాడు నెత్తిన టోపీ పెట్టుకొచ్చి ఏవో రెండు రకాలు చేశాడు. మిగతా విందంతా వదినదే. ఆఖర్న ఆ పెద్దమనిషి అందరినీ పిలిచి, ఇంత కమ్మటి భోజనం పెట్టిన వంటమాస్టరు ఇతనే అని ఆ టోపీవాడికి శాలువా కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. వదిన అంట్ల గిన్నెల పక్కన నిలబడి అదంతా చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఒలే దుర్గా, నానొక కొట్టెడతాను" అంది.

"ఏం కొట్టు?" అన్నాను.

"టిపినీ కొట్టు. ఇడ్లీ, గారి, పులోర. నా సేత్తో వొండింది నా కొట్టులో అమ్ముతాను. పైన నా పేరుండాల. తిన్నోడు సన్నేసమ్మ సేసింది అనాల. అనకపోతే నానొప్పుకోను."

నేను లేచి ఆవిణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఇద్దరం ముప్పై ఆరేళ్ళవాళ్ళం, పిల్లల తల్లులం, అలా తిరుగుతుంటే మా చిన్నది బిత్తరపోయి చూసింది. ఇక ఆ రోజు నుంచి మాకు నిద్రా లేదు, తిండీ లేదు. ఎక్కడ కలిసినా దుకాణం మాటే. నేను బెంగాలీ మాట్లాడే మనిషిని, ఆవిడ వండే మనిషి. ఇంకేం కావాలి అనుకున్నాం. గది కావాలని ఆ తర్వాత గుర్తొచ్చింది.

క్వార్టర్లో వ్యాపారం చేయకూడదు, రైల్వే రూలు. ఎవరైనా రిపోర్టు చేస్తే క్వార్టరు ఊడుతుంది. కోదండం అన్నయ్య ఆ మాట రోజుకి పదిసార్లు అనేవాడు. కాబట్టి బయట గది వెతకాలి. వర్క్‌షాపు పెద్ద గేటుకి ఎదురు సందులో ఒక పాత బెంగాలీ ఇల్లు ఉంది. వీధి వైపు ఎత్తరుగు, దాని వెనక చిన్న గది, గదికి రెండు చెక్క తలుపులు. డ్యూటీ దిగి వచ్చే ప్రతి మనిషీ ఆ అరుగు ముందు నుంచే నడవాలి. ఆ గేటు దగ్గర అంతకంటే మంచి చోటు లేదు, ఇంకో ఖాళీ చోటు అసలే లేదు.

ఇంటావిడ హేమనళిని గారు, డెబ్బై దాటిన విధవరాలు. సందంతా ఆవిణ్ణి జేఠిమా అనేది, అంటే పెద్దమ్మ. నవ్వడం ఎప్పుడో మానేసిన మొహం. ఆవిడ మేనల్లుడు పల్టూ అదే ఇంట్లో ఉంటాడు. వాడికి ఆ గది ఎస్టీడీ బూతుకి ఇవ్వాలని ఉంది. మనిషిని కూడా చూసి పెట్టుకున్నాడు. అప్పట్లో ఏ సందు చూసినా ఎస్టీడీ బూతులే మొలిచేవి కదా.

మేం వెళ్ళి అడిగినప్పుడు జేఠిమా వదినని కిందినుంచి పైదాకా చూసింది. "ఈవిడ మాట్లాడదా?" అని నన్నడిగింది. మాట్లాడదు గానీ వండుతుందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "బూతువాడు తొందర పెడుతున్నాడు. ఊరికే మాటలు చెప్పి గది ఖాళీగా పెట్టేవాళ్ళు నాకు వద్దు. ఏ రోజు తెరుస్తారో చెప్పండి" అంది.

అక్కడ నోరు విప్పాను నేను. "విశ్వకర్మ పూజ రోజు!" అన్నాను. ఎందుకనరా మరి! ఆ రోజు వర్క్‌షాపు గేట్లు బార్లా తెరుస్తారు. ప్రతి షెడ్డులో విశ్వకర్మ విగ్రహం పెడతారు. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని లిలువా మొత్తం ఆ సందులోంచే లోపలికెళుతుంది. ఏడాదిలో అంత జనం ఇంకెప్పుడూ రారు. ఇంతకంటే ముహూర్తం ఏముంటుంది?

జేఠిమా కనుబొమలు పైకి లేచాయి. "ఆ రోజా? ఈ ఇంట్లోనా? చేయగలరా?" అంది.

మమ్మల్ని చేతకానివాళ్ళనుకుంటోందని నాకు చర్రున కోపం వచ్చింది. "చూస్తారుగా" అన్నాను.

"సరే. ఆ రోజు తలుపు తెరిచి అమ్మారంటే గది మీది. తెరవలేదా, మర్నాటినుంచి బూతు వస్తుంది. మళ్ళీ నా దగ్గరికి రావద్దు" అంది. పల్టూ ఆవిడ వెనక నిలబడి ఎందుకో తెగ నవ్వుకుంటున్నాడు. వాడి నవ్వుకి అర్థం నాకు అప్పుడు తట్టలేదు.

నెల్లాళ్ళు మేం నేల మీద నడవలేదు. బస్సెక్కి హావ్‌డా బ్రిడ్జి దాటి బడాబజారు వెళ్ళి బాణలి, గంగాళం, ఇడ్లీ పాత్ర కొన్నాం. గంగాళం బస్సులోకి పట్టదని కండక్టరు గొడవ. వదిన దాన్ని నెత్తిన బోర్లించుకుని ఎక్కేసింది. బస్సంతా నవ్వింది, ఆవిడా నవ్వింది. జనం చూసి నవ్వుతుంటే ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. లేక్ మార్కెట్ దాకా వెళ్ళి మంచి చింతపండు, ఇంగువ తెచ్చాం. ట్రాముల్లో తిరిగాం, మట్టి ముంతల్లో టీ తాగాం, పళ్ళాలు ఎన్ని కావాలో వేళ్ళ మీద లెక్కేసుకుంటూ ఒకరినొకరు పొడుచుకున్నాం. నా జన్మలో అంత సరదా పడలేదంటే నమ్మండి.

పూజకి ముందు రోజు పొద్దున్న పది గంటలవేళ, కొత్త పొయ్యి గదిలో పెట్టుకుందామని ఇద్దరం వెళ్ళాం. రాత్రే ఇడ్లీకని బోలెడు మినప్పప్పు నానబోసి వచ్చాం. మా క్వార్టర్ల ఆడవాళ్ళు ముగ్గురు రుబ్బుతామని కాచుకుని కూర్చున్నారు. మేం వెళ్ళేసరికి జేఠిమా లోపల వంటిల్లు కడుగుతోంది. మట్టి పొయ్యి అలికి, దాని చుట్టూ పిండితో ముగ్గు వేసి, పక్కన ఆకుజెముడు కొమ్మ ఒకటి పెట్టింది.

"ఏమిటిది జేఠిమా?" అన్నాను, ఊరికే మాట కలుపుతూ.

"రేపటికి. రేపు అరంధన్ కదా" అంది ఆవిడ.

అరంధన్ అంటే వంట చేయని రోజు. బెంగాలీ భాద్ర మాసం ఆఖరి రోజున వీళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగించరు. పొయ్యికే పూజ చేస్తారు, నాగదేవత మనసాదేవికి మొక్కుతారు. ముందు రోజు వండి పెట్టుకున్న చల్లటి తిండే తింటారు. ఇంటి కప్పు కింద ఎక్కడా నిప్పు పుట్టకూడదు. ఆ రోజూ విశ్వకర్మ పూజ రోజూ ఒకటే. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నాం. మా చుట్టూ తెలుగువాళ్ళు, ఒరియావాళ్ళు, బీహారీలు. పూజకెళ్ళి ప్రసాదం తిని రావడమే గానీ, ఆ పూట ఒక బెంగాలీ వంటింట్లోకి వెళ్ళింది ఎప్పుడు? నాకు అన్నీ తెలుసు కదా, అడగాల్సిన పనేముంది!

"ముందు గది పొయ్యి వేరు కదా జేఠిమా..." అని నసిగాను.

"ఇల్లొకటే. మా అత్తగారి కాలం నుంచి ఈ రోజున ఈ కప్పు కింద అగ్గిపుల్ల గీయలేదు. అందుకే కదా చేయగలరా అని అడిగాను. చూస్తారుగా అన్నావు" అంది. తిట్టడం కాదు, ఉన్న మాట చెప్పింది. పల్టూ పళ్ళు తోముకుంటూ పెరట్లోంచి చూసి కిసుక్కున నవ్వాడు.

అరుగు మీదికొచ్చి కూలబడ్డాను. వదినకి తెలుగులో చెప్పాను. నన్ను కొట్టినా బాగుండేది. ఆవిడ కొత్త పొయ్యి మీద చెయ్యి వేసి అలా కూర్చుండిపోయింది.

కబురు తెలిసి కోదండం అన్నయ్య పరుగున వచ్చాడు. "క్వార్టర్లో వొండుకుని మోసుకొద్దాం" అన్నాన్నేను. ఆయన వణికిపోయాడు. "ఏటమ్మా నీకు మతుండే మాటాడతన్నావా? పల్టూ ఊరుకుంటాడేటి? ఆఫీసుకి కాయితం రాస్తాడు. క్వార్టరు పోతాది!" అది నిజమే. తేదీ మార్చమని అడుగుదామంటే జేఠిమా ముందే చెప్పేసింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. "నా వల్లే వదినా, నా ఎదవ నోటి వల్ల" అని తల బాదుకున్నాను.

"ఒలే, నోర్ముయ్యి" అంది వదిన. కోపంగా కాదు. ఏదో ఆలోచిస్తూ అంది. "ఎలిగించకూడనిది రేపు గదా. ఇయ్యాల ఎలిగించొచ్చా? అడుగు."

నేను లోపలికెళ్ళి అడిగాను. ఇవాళ పొద్దు గూకేదాకా ఎంతైనా వండుకోండి, మేమూ వండుతున్నాం అంది జేఠిమా.

వచ్చి చెప్పగానే వదిన లేచి నిలబడింది. కొంగు బిగించింది. "ఐతే ఇడ్లీ లేదు. సల్లారిపోయిన ఇడ్లీ కుక్క కూడా తినదు. పులోర రేపటికే రుచెక్కుతాది. గారి ఇయ్యాల ఏసి, తెల్లారగట్ల ఆవెట్టిన పెరుగులో ఊరేస్తే రేపు నోట్లో కరిగిపోతాది. ఆ పప్పు గట్టిగా రుబ్బమను, నీళ్ళొయ్యొద్దను. మావా, నువ్వెల్లి బియ్యం అట్టుకురా. దుర్గా, నువ్వు పెరుగు సూడు. ఏడుపు రేపేడుద్దువు గాని."

అబ్బ, ఆ గొంతు! ఇరవై ఏళ్ళలో ఆవిడ అలా ఆజ్ఞాపించడం నేను వినలేదు. అన్నయ్య నోరు తెరుచుకుని చూసి, మరు క్షణంలో సైకిలెక్కాడు. నేను మిఠాయి కొట్టుకి పరుగెత్తాను. వాడు ఎర్రగా కాచిన తియ్య పెరుగు కుండలు చూపించాడు. "తీపిది కాదు నాయనా, పుల్లటిది, టక్ దోయి!" అని అరిచాను. పొద్దున్నే కావాలని, ఉన్నదంతా నాకే ఉంచాలని వాడి చేత ఒట్టు వేయించుకుని గానీ కదల్లేదు.

మధ్యాహ్నం పన్నెండుకి ఆ గదిలో మొదటి నిప్పు రాజుకుంది. బాణలిలో నూనె కాగింది. క్వార్టర్ల ఆడవాళ్ళు పిండి మోసుకొచ్చి ఇస్తుంటే వదిన గారెలు వేసింది. ఆ చేతివేగం చూడాలి! తడి చేత్తో ముద్ద తీయడం, వేలితో చిల్లు పెట్టడం, నూనెలోకి జార్చడం. బుట్టలు నిండాయి. అన్నం వార్చి చాపల మీద పరిచాం. చింతపండు పులుసు ఉడుకుతుంటే సందులో పోయేవాళ్ళు ఆగి వాసన చూసి పోయారు. లోపలి వంటింట్లో జేఠిమా చేమకాడల కూర, వేపుళ్ళు చేస్తోంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పోటీపడి మండాయి.

పులిహోరలోకి, పెరుగులోకి మా వైపు ఆవ నూరి కలుపుతారు. వదిన సన్నికల్లు ముందేసుకుని ఆవాలు నూరుతుంటే ఆ ఘాటు ఇల్లంతా పాకింది. జేఠిమా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఉప్పు వేసి నూరుతోందా? లేకపోతే చేదెక్కుతుంది" అంది నాతో. ఆ మాట నేను తెలుగులోకి మార్చేలోపే వదిన పక్కనున్న ఉప్పుగిన్నె చూపించింది. జేఠిమా అక్కడే నిలబడి నూరడం అయ్యేదాకా చూసింది.

పొద్దు గూకకముందే పొయ్యి ఆర్పేశాం. అన్నయ్య అప్పుడు వచ్చాడు, చంకలో పాతచీర చుట్టిన పలక ఒకటి. చీర విప్పితే బోర్డు! నాలుగు రోజులుగా మంచం కింద దాచుకుని రాశాడట. రైలు పెట్టెకి వేసే పచ్చరంగు మీద పసుపు అక్షరాలు, బెంగాలీలో పెద్దగా, కింద తెలుగులో చిన్నగా. వదిన దాని ముందు కూర్చుంది. "ఇందల నా పేరేది మావా?" అంది. ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఆ అక్షరాలని ముట్టుకుంది. రంగు ఇంకా ఆరలేదు, వేళ్ళకి అంటింది. ఆవిడ చెయ్యి కడుక్కోలేదు.

పూజ రోజు తెల్లారింది. ఆకాశం నిండా గాలిపటాలు, ఒకటి తెగినప్పుడల్లా మేడల మీంచి "భో కాట్టా!" అని కేకలు. వర్క్‌షాపు నుంచి డప్పులు, మైకులు. ఆరింటికే గారెలు నీళ్ళలో ముంచి, నీళ్ళు పిండేసి, ఆవ కలిపిన పెరుగులో వేశాం. బోర్డు కట్టాం. తలుపులు తెరిచాం. ఎనిమిదికల్లా సందు జనంతో నిండిపోయింది.

ఒక్కరూ ఆగలేదు.

మా నుంచి నాలుగు గుమ్మాల అవతల కచోరీలవాడు సలసలా కాగే నూనెలో వేస్తుంటే జనం అటు మూగారు. మా దగ్గర పొగ లేదు, సెగ లేదు. తొంగిచూసి వెళ్ళిపోతున్నారు. తొమ్మిదైంది. వదిన గరిటె పట్టుకుని బొమ్మలా కూర్చుంది. అన్నయ్య వర్క్‌షాపు పూజకని వెళ్ళినవాడు రెండుసార్లు పరుగున వచ్చి, చూసి వెళ్ళాడు. దేవుడా, ఒక్కణ్ణి పంపించు, ఒక్కణ్ణి చాలు అనుకున్నాను.

అప్పుడొక ముసలావిడ మనవణ్ణి చెయ్యి పట్టుకుని ఆగింది. గారెల గిన్నెలోకి చూసింది. "ఇవి ఎప్పటివి?" అని బెంగాలీలో అడిగింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "తాజావమ్మా! ఇప్పుడే చేశాం, ఇవాళ్టివే!" అన్నాను ఉషారుగా.

ముసలావిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇవాళ్టివా? అయితే మాకు కుదరదు" అని పిల్లాణ్ణి లాక్కుని కదిలింది. ఎంత బుద్ధిహీనురాలినండీ నేను! అరంధన్ అని తల బాదుకున్నది నేనే, మళ్ళీ కొట్టువాళ్ళు చెప్పే మాట చెప్పింది నేనే. రెండోసారి వదిన కొంప ముంచాను.

వదిన లేచి నిలబడింది. ఇంత మంది జనంలో, నా వైపు చూడకుండా, నన్ను అడగకుండా, గట్టిగా అంది: "నా మా! కాల్‌కేర్ రాన్నా! ఆజ్ ఉనున్ జ్వాలాయిని!"

కాదమ్మా, నిన్నటి వంట. ఇవాళ పొయ్యి వెలిగించలేదు. యాస మన టెక్కలిదే, ఎవరికీ తెలియకుండా పోలేదు. కానీ ఎవరూ నవ్వలేదు. ముసలావిడ వెనక్కి తిరిగింది. "వెలిగించలేదా? నిజంగా?" వదిన చల్లటి బాణలి తీసి, అడుగు బయటికి తిప్పి చూపించింది. పొయ్యిలో చెయ్యి పెట్టి చూపించింది. ముసలావిడ మనవడికో ఆకు, తనకో ఆకు తీసుకుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓ మా!" అని నవ్వేసి, రోడ్డు మీద వెళుతున్న తన కోడలిని కేకేసి పిలిచింది.

ఇక చూడండి! ఆవ అంటే ప్రాణం పెట్టే జనం వీళ్ళు. ఆ సందులో ఆ రోజు నిప్పు తగలని తిండి ఉన్న కొట్టు మాదొక్కటే. పొద్దున్నే ఇంట్లో చల్లటన్నం తిని వచ్చి, కచోరీల వాసనకి నోరూరినా తినలేక తిరుగుతున్న అత్తగార్లంతా, కోడళ్ళంతా మా అరుగెక్కారు. "ఇక్కడ పొయ్యి వెలిగించలేదట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వదిన వడ్డిస్తూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. "ఆర్ దేబో? జాల్ లాగ్‌ఛే?" ఇంకా కావాలా, కారమైందా అని. ఎక్కడ దాచుకుందో ఇన్నాళ్ళూ ఆ బెంగాలీ అంతా! నేను ఆకులు అందిస్తూ, నీళ్ళు పోస్తూ, నోరు మూసుకుని పనిచేశాను. ఎవరో అడిగారు, ఎవరు చేశారివి అని. పది మంది ఒకేసారి బోర్డు చూపించారు. వదిన అది విని, ఒక్క క్షణం గరిటె ఆపి, మళ్ళీ వడ్డించింది.

పదకొండింటికి పల్టూ వచ్చాడు. వెంట ఎస్టీడీ బూతు మనిషి, చేతిలో కొలతల టేపు. జనాన్ని చూసి ఇద్దరూ కాస్త తడబడ్డారు. అయినా పల్టూ పెద్దగా అన్నాడు: "ఇదేం దుకాణం? పొయ్యి లేదు, పెనం లేదు. నిన్నటి మిగుళ్ళు పెట్టుకుని కూర్చుంటే తెరిచినట్టా? ఎవరిది ఈ సంత?"

నేను నోరు తెరిచాను. వదిన నా చెయ్యి నొక్కి ఆపింది. వాడి కళ్ళలోకి చూసి, "ఎటా ఆమార్ దోకాన్" అంది.

ఇది నా దుకాణం. అంతే అంది.

లోపలి తలుపు దగ్గర కదలిక వినిపించింది. జేఠిమా వచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. మెల్లగా నడిచి వచ్చి, బయట జనం కూర్చునే బల్ల మీద, ఒక పిల్లాణ్ణి పక్కకి జరగమని, కూర్చుంది. చెయ్యి చాచింది. వదిన ఆకులో గారె పెట్టి ఇచ్చింది. పల్టూ కంగారుగా మేనత్తతో, "పిషీ, నువ్వు పరాయివాళ్ళ చేతిది తింటావా?" అన్నాడు. ఆవిడ వాడి వైపు చూడను కూడా చూడలేదు. నెమ్మదిగా, మొత్తం తినేసింది. తెల్ల కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేను అడిగింది దుకాణం. పొయ్యి అడగలేదు" అంది పల్టూతో. "అతన్ని ఇంటికి పంపించు." తర్వాత వదిన వైపు తిరిగి, నాతో కాదు, తిన్నగా ఆవిడతోనే అడిగింది. "రేపేం వండుతావు?"

"ఇడ్లీ జేఠిమా" అంది వదిన. "గరమ్ గరమ్."

"పొద్దున్నే పంపించు" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

వదిన ఉన్న చోటే నేల మీద కూలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను పక్కన కూర్చుని ఆవిణ్ణి వాటేసుకుని బావురుమన్నాను. "నన్ను క్షమించు వదినా" అన్నాను. అరుగు ముందు జనం "ఓ దీదీ, ఎక్కడికెళ్ళారు, ఇక్కడ ఆకులు ఖాళీ!" అని కేకలు పెడుతున్నారు.

వదిన మొహం తుడుచుకుంది. నా జబ్బ పట్టుకుని లేపింది.

"లేయే, లే. రేపటికి గింజ పప్పు నేదు. బజారుకెల్లి తే. తొరగా రా, నానబొయ్యాల" అంది.